ఆపరేషన్‌కి ముందు నాన్న తాగుడు సంగతి డాక్టర్‌కి చెప్పాలా?

జనగామ బిడ్డ:

అందరికీ నమస్కారం. మా నాన్నకి 72. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఎడమ బుగ్గ లోపల పుండు ఎంతకీ మానకపోతే ముక్క పరీక్ష చేయించాం. క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తామన్నారు, తర్వాత అవసరాన్ని బట్టి కరెంటు (రేడియేషన్) పెడతారట. వచ్చే నెలకి డేట్ ఇచ్చారు.

నా ప్రశ్న ఆపరేషన్ గురించి కాదు. ఓపీలో కేస్ షీట్ రాసే అబ్బాయి "అలవాట్లేమన్నా ఉన్నాయా పెద్దాయనా?" అని అడిగాడు. నాన్న నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు: "గుట్కా ఉండేది సార్, మానేశాడు. మందు ఎప్పుడో ఫంక్షన్లకి." నాన్న ఏమీ అనలేదు, చేతిలో రిపోర్టుల కవరు సర్దుకుంటూ కూర్చున్నారు. ఆ అబ్బాయి "అకేషనల్" అని రాసుకుని తర్వాతి పేషెంట్‌ని పిలిచాడు.

అసలు సంగతి వేరే. అమ్మ పోయినప్పటి నుంచి రోజూ రాత్రి క్వార్టర్ పడాల్సిందే. మధ్యాహ్నం కల్లు దుకాణం దగ్గర ఒక సీసా. తాగి గొడవ చేసే మనిషి కాదు, తాగాక అన్నం తిని పడుకుంటారు. అందుకే ఊళ్ళో ఆయన్ని ఎవరూ తాగుబోతు అనరు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు చెయ్యి వణుకుతుంది. వయసు మీద పడింది కదా అంటారు.

డాక్టర్‌కి చెబితే ఆపరేషన్ చెయ్యమంటారేమోనని అన్నయ్య భయం. "ఆపరేషన్‌కి వారం ముందు నుంచి బంద్ చేయిద్దాం, ఎవరికీ తెలియదు" అంటున్నాడు. వదినేమో ఫోన్‌లో ఏదో యాడ్ చూసి, తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మానేస్తారట, ఆ పొడి ఆర్డర్ పెట్టింది. నాకేమో రెండు వైపులా టెన్షన్. చెబితే నాన్న పరువు తీసినట్టు, చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నిజామాబాద్ శీను:

72 ఏళ్ళ మనిషి. భార్య పోయింది, ఇప్పుడు క్యాన్సర్ వచ్చింది. ఆ క్వార్టర్ కూడా లాక్కుంటే ఇంకేం మిగులుతుందక్కా? మా పెదనాన్నకి చివరిదాకా పోశాం, హాయిగా పోయాడు. డాక్టర్లకి అన్నీ చెప్తే అన్నిటికీ వద్దంటారు.

రిటైర్డ్ సిస్టర్, హన్మకొండ:

చెప్పండమ్మా. డేట్ దాకా ఆగకండి, రేపే ఫోన్ చేసి చెప్పండి.

నేను క్యాన్సర్ వార్డుల్లో పని చేసి రిటైరైన నర్సుని. నోటి ఆపరేషన్ అంటే ఏమిటో ముందు చెప్తాను. గడ్డ తీసేసిన చోట ఖాళీ పూడ్చడానికి చాలామందికి ముంజేతి నుంచో తొడ నుంచో కండా చర్మం తీసి, సన్నటి రక్తనాళాలు కలిపి బుగ్గలో అతికిస్తారు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం ఉంటుంది. కొందరికి మెడ ముందు రంధ్రం చేసి ఊపిరికి ట్యూబు పెడతారు. మొదటి కొన్ని రోజులు మెడ కూడా ఇష్టమొచ్చినట్టు తిప్పకూడదు, అతుకుకి రక్తం ఆగిపోతే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుంది.

ఇప్పుడు రోజూ క్వార్టర్ అలవాటున్న మనిషిని ఇందులో పెట్టి చూడండి. అడ్మిట్ అయిన రోజు నుంచి చుక్క లేదు. ఆరేడు గంటలకే మొదలవుతుంది: చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి పూర్తిగా తప్పుతుంది. ఒక రిటైర్డ్ కండక్టర్ గారు నాకు ఇప్పటికీ గుర్తు. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని, పక్క బెడ్ల వాళ్ళని టికెట్లు అడిగారు. మెడలో ట్యూబుంది కాబట్టి గొంతు రాదు, పెదాలు మాత్రం "రైట్ రైట్" అంటున్నాయి. ఆ కంగారులో ముక్కు గొట్టం పీకేశారు. భార్య గాలి సోకిందని ఏడుపు. డ్యూటీ డాక్టర్ సోడియం పడిపోయిందేమో, ఇన్‌ఫెక్షనేమో, జబ్బు మెదడుకి ఎక్కిందేమో అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. అవి చూడాల్సినవే. కానీ కేస్ షీట్‌లో మందు దగ్గర "లేదు" అని ఉంది. తెల్లారి కొడుకుని పక్కకి పిలిచి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, రోజూ హాఫ్ అని. అది ముందే తెలిసి ఉంటే మొదటి పూట నుంచే మందులు రాసేవాళ్ళు.

ఇక లెక్క. మన దేశంలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన విస్కీ, బ్రాందీ 42.8 శాతం ఉంటాయి, అంటే 30 మిల్లీల పెగ్గు ఒక డ్రింక్. క్వార్టర్ 180 మిల్లీలు, ఆరు డ్రింకులు. కల్లు సీసా తీసుకునే చోటిని బట్టి, పులిసినదాన్ని బట్టి మారుతుంది, సుమారుగా ఇంకో రెండు వేసుకోండి. మీ నాన్న రోజుకి ఎనిమిది డ్రింకుల మనిషి. "ఎప్పుడో ఫంక్షన్లకి" అన్న మాటకీ దీనికీ పొంతనెక్కడ?

ఆస్పత్రుల్లో వాడే చిన్న పరీక్ష ఒకటుంది, ఆడిట్-సీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల ఆడిట్‌లో మొదటి మూడు. ఎన్నాళ్ళకోసారి తాగుతారు, తాగిన రోజు ఎన్ని డ్రింకులు, ఒకే రోజు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఎన్నిసార్లు. ఒక్కోదానికి నాలుగు మార్కుల దాకా, మొత్తం 12. మగవాళ్ళకి 4, ఆడవాళ్ళకి 3 వస్తే చాలు, ఇంకా వివరంగా అడగాలి. మీరు రాసినదాన్ని బట్టి నేను వేస్తే మీ నాన్నకి 4, 3, 4. మొత్తం 11.

కాగితం మీద ఉన్నది అడగడం రెండు నిమిషాల పని. పెద్దవాళ్ళని అడగరు, అదీ తంటా. తెల్ల జుట్టు చూసి, "ఈయన్ని ఇదేం అడుగుతాం" అనుకుంటారు. లేదా కొడుకు ముందే అడుగుతారు. కొడుకు ముందు ఏ తండ్రి నిజం చెప్తాడు?

శీను గారూ, మీ పెదనాన్నది వేరే పరిస్థితి. నయం కాదని తెలిశాక ఎవరికెంత ఇవ్వాలో ఆ ఇంటి వాళ్ళూ డాక్టరూ మాట్లాడుకుంటారు, నేనూ అడ్డం చెప్పను. కానీ అప్పుడు కూడా ఎంత తాగుతున్నాడో తెలియాలి. నొప్పికి మార్ఫిన్ మొదలుపెట్టి, దాని మీద క్వార్టర్ పడితే నిద్రలో ఊపిరి మందగిస్తుంది. ఇంకోటి, ఆఖర్లో మింగలేని రోజు వస్తుంది. ఆ రోజు తాగుడు దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు మొదలయ్యే తంతు నేను చూశాను, హాయిగా ఏమీ ఉండదు.

జనగామ బిడ్డ:

సిస్టర్ గారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అంటే వారం ముందు నుంచి ఇంట్లో బంద్ చేయిస్తే ఆ గండమంతా ముందే గడిచిపోదా? అన్నయ్య అదే వాదిస్తున్నాడు.

మత్తు డాక్టర్:

నేను థియేటర్‌లో మత్తిచ్చే డాక్టర్‌ని. మీ అన్నయ్య అన్నది సగం నిజం, ప్రమాదమంతా మిగతా సగంలో ఉంది.

ఆపరేషన్‌కి ముందు మానేస్తే మంచిదే. నాలుగు వారాల ముందు నుంచి మానిపించిన వాళ్ళలో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గాయని డెన్మార్క్‌లో పేగు ఆపరేషన్ల మీద చేసిన పరిశోధన 1999లో వచ్చింది. గాయం మానడం, రక్తం గడ్డకట్టడం, గుండె లయ, ఇన్‌ఫెక్షన్, అన్నిటి మీదా మందు ప్రభావం ఉంటుంది. మీకు నెల టైముంది కాబట్టి అదృష్టవంతులు. చాలామందికి క్యాన్సర్ అంత టైమివ్వదు, ఉన్న రోజుల్లోనే చేసుకోవాలి.

కానీ రోజూ తాగే 72 ఏళ్ళ మనిషికి ఇంట్లో ఒక్కసారిగా ఆపడం మాత్రం వద్దు. ఫిట్స్ ఇంట్లో వస్తే ఎవరు చూస్తారు? నోట్లో పుండు వల్ల సరిగా తింటూ ఉండరు కాబట్టి బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నారని వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే, థయమిన్ ఇవ్వకుండా అయితే, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. సైకియాట్రీ డాక్టర్ పర్యవేక్షణలో, అవసరమైతే నాలుగు రోజులు అడ్మిట్ చేసి ఆపిస్తాం. వయసు, లివర్ చూసి ఏ మాత్ర ఇవ్వాలో ఎంచుకుంటాం, మామూలుగా యువకులకిచ్చే మోతాదు ఇవ్వం.

"రక్త పరీక్షలో తెలిసిపోతుంది కదా, మనం చెప్పడమెందుకు" అని ఎవరైనా అంటే నమ్మకండి. జీజీటీ అనే లివర్ పరీక్షలో అంకె పెరిగితే మందు వల్ల కావచ్చు, లివర్‌లో గడ్డ వల్ల కావచ్చు. ఎర్ర రక్తకణాల సైజు పెరిగితే మందు కావచ్చు, క్యాన్సర్‌కిచ్చే క్యాపెసిటబిన్, మెథోట్రెక్సేట్ లాంటివీ కావచ్చు. బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, తూలిపడటం, మతిమరుపు, అరికాళ్ళ తిమ్మిర్లు: ఇందులో ఏది మందుది, ఏది వయసుది, ఏది క్యాన్సర్‌ది? క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్ళని చూసి చెప్పలేం, అడిగే తెలుసుకోవాలి. పైగా వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది, యాభైలో తాగిన అదే క్వార్టర్ డెబ్భైలో రక్తంలో ఎక్కువ ఘాటుగా ఉంటుంది. ఆయనకి "ఎప్పుడూ తాగేదే కదా" అనిపిస్తుంది.

మా వాళ్ళ తప్పు కూడా చెప్పాలి. పెద్ద వయసు క్యాన్సర్ రోగులకి ముందుగా చేసే జీ8 అనే పరీక్షలో ఎనిమిది అంశాలుంటాయి. తిండి, బరువు, నడక, జ్ఞాపకశక్తి, ఎన్ని మందులు వాడుతున్నారు, ఇలాంటివన్నీ ఉన్నాయి. మందు తాగుతారా అన్నది లేదు. ఎవరో ఒకరు విడిగా అడగాలని గుర్తుపెట్టుకుంటే తప్ప జారిపోతుంది.

ఆ పొడి సంగతి. ఏం కలిపారో లేబుల్ మీద ఉండదు. అందులో గనక డైసల్ఫిరామ్ లాంటిది, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసేది ఉంటే, తెలియక దాని మీద క్వార్టర్ వేసుకుంటే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. ఈ వయసులో ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి వాడకండి. అలాగే సైకియాట్రీలో మందు మాన్పించడానికి నాల్‌ట్రెక్సోన్ రాస్తే, నోటి నొప్పికి ట్రమడాల్ గానీ మార్ఫిన్ గానీ వాడుతున్నారేమో వాళ్ళకి చెప్పండి. రెండూ కలవకూడదు.

ఆపరేషన్ చెయ్యమంటారా అన్నారు. నా సర్వీసులో ఈ కారణంతో కొన్ని రోజులు వెనక్కి జరపడం చూశాను, వద్దని పంపించెయ్యడం చూడలేదు.

బోధన్ పోరడు:

కల్లు గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, నేను చెప్తా. మా నాయనమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్‌కి అడ్మిట్ చేసినం. ఆమెని మందు అలవాటుందా అని ఎవరూ అడగలేదు, ఆడమనిషి కదా, ముసలామె కదా. మా దిక్కు ముసలివాళ్ళు పొద్దుమూకి కల్లు తాగడం చాయ తాగినంత మామూలు. మేం కూడా దాన్ని తాగుడు కింద లెక్కపెట్టం, అందుకే చెప్పాలన్న సోయి కూడా మాకు రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో 6.7 శాతం మంది తాగుతామన్నారు, దేశం మొత్తం మీద 1.3 శాతమే. అయినా మన ఆస్పత్రుల్లో ఆడవాళ్ళ కేస్ షీట్‌లో ఆ గడి ఖాళీగానే ఉంటది.

రెండో నాటికి మెడ ఒక దిక్కు గుంజుకుపోయింది, నాలుక తిరగలేదు, ఎప్పుడో చనిపోయిన మా తాతతో మాట్లాడుతుంది. తర్వాత తెలిసింది, అది కల్లు వల్ల కాదు, కల్లులో కలిపిన దాని వల్ల. చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో దొరికే కల్తీ కల్లు వేరు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరు. అవి నిద్రమాత్రల జాతి. రోజూ తాగేటోళ్ళకి ఒక్కసారి బంద్ అయితే ఫిట్స్ వస్తయి. 2015లో కల్తీ కల్లుని బంద్ పెట్టినప్పుడు నిజామాబాద్, మెదక్ దిక్కు ఎంతమంది ఆస్పత్రుల పాలైన్రో మా ఏరియావాళ్ళకి యాదికుంటది.

అక్కా, మీ నాన్న రోజూ సీసా తాగుతడన్నరు. ఏ దుకాణం, ఎన్నేళ్ళ నుంచి, కల్లు తాగని రోజు ఎట్లుంటడు, ఇది కూడా డాక్టర్‌కి చెప్పుండ్రి. డ్రింకుల లెక్కలో ఇది దొరకది.

మత్తు డాక్టర్:

బోధన్ తమ్ముడు చెప్పింది చాలా ముఖ్యం. నేను రాయాల్సింది, రాయలేదు. తెలంగాణ పేషెంట్లకి క్వార్టర్ ఒక లెక్క, కల్లు ఇంకో లెక్క. రెండూ విడివిడిగా అడగాలి.

గుంటూరు గుమాస్తా:

తల్లీ, నాకు 69. మిర్చి యార్డులో గుమాస్తాగా చేశాను. గొంతు క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకున్నవాణ్ణి. మీరంతా డాక్టర్ వైపు నుంచి మాట్లాడుతున్నారు, నేను మంచం వైపు నుంచి చెప్తాను.

నన్ను "తాగుతారా?" అని అడిగిన ప్రతివాడికీ లేదనే చెప్పా. ఎందుకంటే పక్కన మావాడుంటాడు. అవునన్నానంటే, ఈ జబ్బు నువ్వే తెచ్చుకున్నావు, నా ఖర్చంతా నీ సీసా వల్లే అని వాడి కళ్ళల్లో కనపడుద్ది. గొంతు, నోరు, అన్నవాహిక, లివర్ క్యాన్సర్లకి మందు కూడా ఒక కారణమని నాకు తెలియదా? తెలిసే చెప్పలేదు.

నాతో నిజం చెప్పించింది రేడియేషన్ దగ్గరుండే చిన్న డాక్టరమ్మ. మావాణ్ణి ఏదో సంతకానికని కౌంటర్‌కి పంపింది. నిద్ర ఎలా పడుతోంది బాబాయ్ గారూ అంది. పట్టదమ్మా అన్నా. మరి పడుకునే ముందు ఏం తీసుకుంటున్నారు, నైంటీనా, క్వార్టరా? అంది. చూడండి, తాగుతావా అని అడగలా, ఎంత అని అడిగింది. అప్పటిదాకా అలా అడిగినవాళ్ళే లేరు. నోట్లోంచి వచ్చేసింది, "క్వార్టర్ దాటదమ్మా" అని. తర్వాత ఇంకో నాలుగు ప్రశ్నలు. తగ్గించుకుందామని ఎప్పుడన్నా అనిపించిందా, ఎవరన్నా ఏమన్నా అంటే కోపమొచ్చిందా, తప్పు చేస్తున్నాననిపించిందా, పొద్దున్నే లేవగానే వణుకు తగ్గడానికి వేసుకున్నారా. మొదటి మూడింటికీ అవునన్నా. నాలుగోది లేదన్నా, అది నిజంగానే లేదు. రెండు అవునన్నా చాలట పట్టించుకోవడానికి. ఆమె మా వాడికి చెప్పలేదు, నాతోనే చెప్పించింది, నాలుగు రోజుల తర్వాత.

మానేశావా అంటే, నా గొప్పేం లేదు. కరెంటు మూడో వారానికి గొంతు పచ్చిపుండై మంచినీళ్ళే మంటెత్తేవి, ఇక మందెక్కడ దిగుద్ది? దానికి ముందే డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు వేసుకుంటూ తగ్గించుకొచ్చా కాబట్టి ఆ వారం వణుకూ గిణుకూ లేకుండా గడిచింది.

మీ నాన్నగారిని ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి మీటింగు పెట్టి అడగమాకండి. మీ అన్నయ్య ఉండగా అసలే వద్దు. మీరొక్కరే వెళ్ళండి, కూతురి మాట వేరు. పెద్దాయన ముందే ఒప్పుకుంటే డాక్టర్‌కి ఆయనే చెప్తాడు, మీరు చెప్పక్కర్లేదు, పరువు సమస్యే లేదు.

రిటైర్డ్ సిస్టర్, హన్మకొండ:

బాబాయ్ గారు చెప్పిన తర్వాత నేను కలిపేది కొంచెమే. మత్తు డాక్టర్ దగ్గర ఆపరేషన్ ముందు చూపిస్తారు కదమ్మా, ఫిట్‌నెస్ అంటారు, అక్కడ నాన్నగారితో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడమని అడగండి. ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి, ఆయుర్వేదం సీసాలు కూడా. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టినవి, వాటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది, బలానికని పెద్దవాళ్ళు మూత లెక్క లేకుండా తాగుతుంటారు. ఆఖరిసారి తాగింది ఏ రోజు, ఏ టైముకి అన్నది మాత్రం కాగితం మీద రాసి అడ్మిషన్ రోజు నర్సు చేతికివ్వండి. మాకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14446కి చేయండి, వ్యసనాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు, మీ టెన్షన్‌కి కూడా.

జనగామ బిడ్డ:

అందరికీ పేరుపేరునా దండాలు. ఆదివారం అన్నయ్యా వదినా పెళ్ళికి పోయినప్పుడు నాన్నతో మాట్లాడాను. బాబాయ్ గారు చెప్పినట్టు నిద్ర దగ్గర మొదలుపెట్టాను. కాసేపు టీవీ చూస్తూ పలకలేదు. తర్వాత ఆయనే, "ఆ పిల్లగాడు అడిగినప్పుడే చెప్దామనుకున్న, మీ అన్న అడ్డమొచ్చిండు" అన్నారు. కల్లు గురించి అడిగితే, దుకాణం ఒక రోజు మూస్తే తనకి ఒళ్ళంతా గుంజుతుందని, నిద్ర ఉండదని చెప్పారు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

బుధవారం ఆస్పత్రికి వెళ్ళాం. నాన్నే చెప్పారు డాక్టర్‌కి, క్వార్టర్ అనీ, సీసా అనీ. ఆయన కోప్పడలేదు, పాత కాగితం మీద "అకేషనల్" కొట్టేసి కొత్తగా రాశారు. సైకియాట్రీకి పంపారు. ఆపరేషన్‌కి ముందే అడ్మిట్ చేసి ఆపిస్తారట, థయమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. డేట్ మార్చలేదు. అన్నయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు అడ్మిషన్ పనులన్నీ వాడే తిరుగుతున్నాడు.

వదిన తెప్పించిన పొడి నిన్ననే వచ్చింది. వాపసు తీసుకోరట. డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. సైకియాట్రీ డాక్టర్‌కి చూపిద్దామనుకుంటున్నాను, అందులో ఏముందో ఆయనకేమైనా తెలుస్తుందేమో.